పొద్దుతిరుగుడుకు దాయాదుల ఆస్తి

విత్తనాల మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో, దాళ్వాకు (రెండో పంట వరికి) నీళ్లు అందని చేలల్లో పొద్దుతిరుగుడు వేసి చూడవచ్చని రాశాను. ఆ పంటకు అమెరికాలో యాభై దాకా అడవి చుట్టాలు ఉన్నాయని, దాని రోగనిరోధక శక్తి చాలావరకు అక్కడి నుంచే వచ్చిందని మాటవరసకు అన్నాను. ఆ ఒక్క మాటనే పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వరి, కొబ్బరి కాక ఇంకో పంట పేరెత్తితే ముఖం పక్కకు తిప్పుకునే మన డెల్టా వాళ్లేనా ఇవి రాసింది అనిపించింది. ఉద్యోగకాలమంతా మెట్ట ప్రాంతాల్లో పొద్దుతిరుగుడు సంకరాలు చేసి, విశ్రాంతికి గోదావరి గట్టుకు చేరినవాణ్ణి. జవాబులు పొడుగైతే ఓర్చుకోండి.

*మా ఊరి పంటకాలువ గట్టున మనిషెత్తు పొదలు పెరిగాయి. పూలు అచ్చం చిన్న పొద్దుతిరుగుడు పూలే. ఫొటో పంపుతున్నాను. ఇది అడవి పొద్దుతిరుగుడేనా? దీని పుప్పొడి తెచ్చి మా చేలో పూలకు రుద్దితే తెగుళ్లను తట్టుకునే విత్తనం వస్తుందా?* — ఒక రైతు, రాజోలు మండలం

కాదండీ. ఫొటోలో ఉన్నది టిథోనియా. మెక్సికో వైపు నుంచి తోట మొక్కగా వచ్చి గట్లెక్కింది. ఆకు మూడు నుంచి అయిదు పాయలుగా చీలి ఉంది చూడండి. పువ్వుకు కాస్త కింద కాడను కోస్తే ఉబ్బి, లోపల గుల్లగా కనిపిస్తుంది. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, ఇదీ అన్నీ ఒకే కుటుంబం, అంతవరకే. దాని పుప్పొడి మీ పువ్వు మీద ఎంత రుద్దినా గింజ కట్టదు. లేత కొమ్మలు కోసి పచ్చిరొట్టగా చేలో తొక్కించండి, ఆ పనికి మంచిది.

అసలైన పొద్దుతిరుగుడు జాతులన్నీ ఉత్తర అమెరికాలో పుట్టినవే. మన దేశంలో సొంతంగా పుట్టిన అడవి పొద్దుతిరుగుడు ఒక్కటీ లేదు. అయితే గట్టు మీది అడవి మొక్కను చూడగానే పంటకు పనికొస్తుందేమో అనుకున్నారు చూడండి, ఆ ఆలోచన మాత్రం పదునైనది. నిజమైన అడవి చుట్టం మీకు దగ్గరలోనే ఉంది, కాకపోతే అది చెరకుకు చుట్టం. లంకల్లో శరదృతువు రాగానే తెల్లగా పూసే రెల్లు. కోయంబత్తూరులో చెరకు శాస్త్రవేత్తలు బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ చెరకుకూ ఆ రెల్లు జాతికీ సంకరం చేసి, 1918లో కో 205 రకాన్ని రైతులకు ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన కో రకాలు దేశ విదేశాల్లో చెరకు సాగునే మార్చేశాయి. మనం పాకల మీద కప్పుకునే గడ్డి అది.

వరిలోనూ ఇదే కథ. 1970ల్లో గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు ఆసియా వరిచేలను పట్టుకున్నప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా నమూనాలను పరీక్షించింది. తెగులును నిలదొక్కుకున్నది ఒరైజా నివారా అనే అడవి వరి. అదీ ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒకే ఒక్క నమూనా. ఆ వంశం నుంచే ఐఆర్ 64 వచ్చింది. ఐఆర్ 64ను కృష్ణవేణి అనే వరి రకంతో కలిపితే మారుటేరు వరి పరిశోధన కేంద్రం వారి ఎంటీయూ 1010 వచ్చింది. అదే కాటన్‌దొర సన్నాలు. మీ ఊళ్లో దాళ్వా రైతులు ఏళ్లతరబడి కోసిన పంట వంశంలో ఒక అడవి గడ్డి ఉందన్నమాట.

*మాది ఎకరంన్నర. పక్కన రొయ్యల చెరువులు వచ్చాక సార్వా (మొదటి పంట వరి) ఎలాగో గట్టెక్కుతోంది కానీ రెండో పంట లేదు. మినుము చల్లితే మొలకలు మాడిపోయాయి. ఉప్పునేలలో పెరిగే అడవి పొద్దుతిరుగుడు ఒకటి ఉందని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. ఆ విత్తనం ఎక్కడ దొరుకుతుంది?* — ఒక రైతు, కాట్రేనికోన మండలం

మీ అబ్బాయి చూపించింది నిజమే. దాన్ని అక్కడ పజిల్ పొద్దుతిరుగుడు అంటారు. శాస్త్రీయ నామం హీలియాంథస్ పారడాక్సస్. టెక్సాస్ పడమటి భాగంలోనూ, న్యూ మెక్సికోలోనూ ఎండు ప్రాంతాల మధ్య ఊటలు పైకి వచ్చి, నీరు ఆవిరైపోయి, ఉప్పు పేరుకున్న చిత్తడి నేలలున్నాయి. ఇది అక్కడే బతుకుతుంది. చార్లెస్ హైజర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1958లో దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించి పేరుపెట్టాడు. తర్వాత లోరెన్ రీసెబర్గ్, ఆయన సహచరులు జన్యువులు పరీక్షించి దాని పుట్టుక తేల్చారు. మామూలు అడవి పొద్దుతిరుగుడుకూ, ఇసుక నేలల్లో పెరిగే పెటియొలారిస్ జాతికీ ప్రకృతిలో జరిగిన సంకరమే ఇది. ఆ రెండింటిలో ఏదీ ఉప్పు చిత్తడిలో నిలవలేదు. వాటి సంతానం మాత్రం నిలిచింది. నా ఉద్యోగంలో ఎన్నో సంకరాలు చూశాను కానీ, ఎవరి చెయ్యీ పడకుండా జరిగిన ఈ సంకరం ముందు మా పని చిన్నదే.

అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మిల్లర్, సైలర్ దీన్ని సాగు రకాలతో కలిపి, ఉప్పును ఓర్చుకునే గుణాన్ని పట్టుకున్న హెచ్‌ఏ 429, హెచ్‌ఏ 430 అనే వరసలను 2003లో నమోదు చేశారు. ఆ గుణంలో పెద్ద వాటా ఒకే ఒక్క జన్యువుది కావడం వాళ్ల అదృష్టం. అయితే ఇక్కడ జాగ్రత్తగా వినండి. అవి చేలో చల్లుకునే విత్తనాలు కావు, హైబ్రిడ్లు తయారు చేసేవాళ్లకు పనికొచ్చే తల్లి వరసలు. ఇక అడవి మొక్క సంగతి: ఊట నీళ్లు తగ్గిపోయి దాని చోటు దానికే కరువైంది. 1999లో అక్కడి ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది. కాబట్టి ‘ఉప్పు పొద్దుతిరుగుడు’ అంటూ ఎవరైనా సంచి తెచ్చి అమ్మజూపితే, అది ఏ రకం, ఎప్పుడు విడుదలైంది, ఏ ప్రాంతానికి సిఫారసు చేశారు అని అడగండి. కాగితం చూపించలేకపోతే డబ్బు తీయకండి.

మరి మీ ఎకరంన్నర సంగతి? మామూలు పొద్దుతిరుగుడు హైబ్రిడే ఉప్పును వరికంటే కొంత మెరుగ్గా ఓర్చుకుంటుంది. మినుముతో పోలికే లేదు. వేళ్ల దగ్గరి మట్టిని తడిపి తీసిన నీటిలో లవణ సాంద్రత మీటరుకు దాదాపు 3 డెసీసీమన్లు (ఉప్పును అంచనా వేసే కొలత) దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పొద్దుతిరుగుడుకు ఆ గీత 4.8 దగ్గర ఉంది. ఇక్కడొక మెలిక ఉంది. పరీక్ష కేంద్రం ఇచ్చే కార్డు మీది అంకె సాధారణంగా మట్టిలో రెండు, రెండున్నర పాళ్ల నీళ్లు కలిపి తీసినది. నీళ్లు ఎక్కువ కాబట్టి ఉప్పు తక్కువగా కనిపిస్తుంది. కార్డులో 2 అని చూసి నిశ్చింతగా ఉండకండి, అది వేళ్ల దగ్గర చాలా ఎక్కువే కావచ్చు. మట్టితోపాటు మీరు పెట్టబోయే నీటినీ పరీక్ష చేయించండి.

వేసేటట్టయితే సార్వా కోత కాగానే, వానకు కడిగిన పైమట్టి ఇంకా తియ్యగా ఉండగానే విత్తండి. మాఘం దాటితే కింది ఉప్పు తేమతోపాటు పైకి పాకుతుంది, దెబ్బ మొదట తగిలేది మొలకకే. బోదెలు చేసి, గింజను బోదె నెత్తిన కాక పక్క వాలులో, సగం ఎత్తున నాటండి. నీరు ఆవిరయ్యేటప్పుడు ఉప్పు చేరేది బోదె నెత్తికే. నీళ్లు నిలిస్తే పొద్దుతిరుగుడు వేరు కుళ్లుతుంది, మీ నేలకు ఆ భయమూ ఉంది, మురుగు బోదె తప్పదు.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెబుతాను. చెరువు గట్టుకూ మీ చేనుకూ మధ్య ఊట కాలువ లేకపోతే ఏ జన్యువూ మిమ్మల్ని ఎక్కువ కాలం కాపాడలేదు. ఆ కాలువ తవ్వించాల్సింది చెరువు యజమాని. విత్తనం కోసం తిరిగే ఓపికలో సగం ఆ కాలువ గురించి అర్జీ పెట్టడానికి వాడండి. ఒక్కరు కాక, పక్క చేల వాళ్లందరూ సంతకాలు చేసి పెట్టండి.

*పోయినేడు లంకలో పొద్దుతిరుగుడు బాగా పండింది. మంచి పూలు ఏరి విత్తనం దాచి, ఈ ఏడు అదే వేశాం. కొన్ని మొక్కలకు కొమ్మలు వచ్చి చిన్న చిన్న పూలు పూశాయి. కొన్ని పూలలో పుప్పొడే లేదు. పోయినేడు మాకు కల్తీ విత్తనం అంటగట్టారా?* — ఒక గృహిణి, ఆత్రేయపురం మండలం

లేదమ్మా, మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. పుప్పొడి లేని పూలను గమనించారంటే మీ కళ్లకు దణ్ణం పెట్టాలి, చాలామంది రైతులు గింజ కట్టని తల చూసి వాన మీద తోసేస్తారు.

మీరు కొన్నది హైబ్రిడ్. దాని తల్లి మొక్కకు పుప్పొడి ఉండదు, ఉండకూడదు, ఉంటే సంకరం జరగదు. ఆ గుణం అడవి నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లో పాట్రీస్ లెక్లెర్క్ అనే శాస్త్రవేత్త పెటియొలారిస్ అడవి జాతిని తల్లిగా పెట్టి, సాగు పొద్దుతిరుగుడుతో పదేపదే సంకరం చేస్తే పుప్పొడి లేని మొక్కలు వచ్చాయి. 1969లో ఆ సంగతి ప్రకటించాడు. పుప్పొడి లేని తల్లికి పుట్టిన పంటలో పుప్పొడిని తిరిగి తెప్పించే జన్యువు కూడా కావాలి కదా. మరుసటి సంవత్సరమే అమెరికాలో మర్రే కిన్‌మన్ దాన్ని అందించాడు. అదీ అడవి వంశం నుంచి తీసుకున్నదే. 1972 కల్లా అమెరికా రైతులు హైబ్రిడ్లు వేశారు. మన దేశానికి 1969లో రష్యా నుంచి వచ్చిన రకాలు మామూలు సూటి రకాలు, విత్తనం దాచుకుంటే సరిపోయేది. మన తొలి హైబ్రిడ్ బీఎస్‌హెచ్ 1, 1980లో బెంగళూరు నుంచి వచ్చింది.

హైబ్రిడ్ గింజను దాచి వేస్తే లోపల కలిసి ఉన్నవి విడిపోతాయి. పుప్పొడి తెప్పించే జన్యువు అందని మొక్కలు సుమారు నాలుగింట ఒకటి వస్తాయి, అవే మీరు చూసిన పుప్పొడి లేని పూలు. తండ్రి వరసలు చాలావాటికి కొమ్మలు వేసే గుణం ఉంటుంది, ఎక్కువ రోజులు పుప్పొడి దొరకడానికి కావాలనే అలాంటివి పెడతారు. ఆ గుణం హైబ్రిడ్‌లో అణిగి ఉండి, తర్వాతి తరంలో మళ్లీ నాలుగో వంతు మొక్కల్లో బయటపడుతుంది. మిగిలిన మొక్కలూ ఒక ఎత్తున ఉండవు, ఒక్కసారి కోతకు రావు. దాచిన గింజను గానుగకు వేయండి, విత్తడానికి కొత్త సంచి కొనండి. ఈ ఏడు చేలో ఉన్నదానికి మాత్రం, పూత సమయంలో పొద్దున ఎనిమిది, పదకొండు మధ్య మెత్తటి గుడ్డతో తలలను రోజు విడిచి రోజు సుతారంగా రుద్దండి. తేనెటీగలు తిరిగే వేళ మందు కొట్టకండి.

నన్ను అడిగితే ఇందులో భయపడాల్సినది మీరు రాయని సంగతి. ప్రపంచంలో ఇప్పుడు సాగవుతున్న పొద్దుతిరుగుడు హైబ్రిడ్లు దాదాపు అన్నీ ఆ లెక్లెర్క్ తల్లి వంశానివే. 1970లో అమెరికా మొక్కజొన్నలో ఒకే తల్లి వంశం మీద ఆధారపడి, ఒక ఎండు తెగులు దెబ్బకు పెద్ద నష్టం తెచ్చుకున్నారు. వేరే అడవి జాతుల నుంచి కొత్త తల్లి వంశాలు ఎన్నో తీశారు కానీ, విత్తనోత్పత్తిలోకి వచ్చినవి తక్కువ. పాతదే చక్కగా నడుస్తుంటే ఎవరు మారుస్తారు?

*నేను వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. అడవి జాతుల్లో అన్ని మంచి గుణాలుంటే, వాటిని పంటలోకి తేవడానికి అంత కాలం ఎందుకు పడుతుంది? పాఠ్యపుస్తకంలో ఒక పేరాతో సరిపెట్టారు.* — ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

పుస్తకంలో ఒక పేరా, పొలంలో పదేళ్లు. అంతే తేడా అమ్మాయీ.

మొదటి చిక్కు పువ్వులోనే ఉంది. పొద్దుతిరుగుడు తలలో వందల చిన్న పూలు అంచు నుంచి లోపలికి వరసలుగా విచ్చుకుంటాయి. ఒక్కొక్క చిన్న పువ్వు మొదటి రోజు పుప్పొడి ఇస్తుంది, మరునాడు కీలాగ్రం చాపుతుంది. చేత్తో సంకరం చేయాలంటే పుప్పొడి రాలకముందే, ఇంకా మంచు ఆరని వేళలో, ఆ రోజు విచ్చిన వరసలోని పుప్పొడి తిత్తులను శ్రావణంతో లాగేసి, తలకు గుడ్డసంచి కట్టాలి. మరునాడు మళ్లీ అదే. మా క్షేత్రంలో ఆ పని చేసే ఆడకూలీల వేళ్ల నైపుణ్యం మాలో ఎవరికీ రాలేదు, మా పేర్లతో అచ్చయిన పత్రాల్లో మాత్రం వాళ్ల పేర్లు లేవు.

రెండోది క్రోమోజోములు. సాగు పొద్దుతిరుగుడుకు 34. అడవి జాతుల్లో కొన్నింటికి అన్నే, కొన్నింటికి 68, మరికొన్నింటికి 102. లెక్క కలవనిచోట పిండం కట్టినా కొన్ని రోజులకే చచ్చిపోతుంది. అది చావకముందే గింజలోంచి తీసి, పోషకాలు వేసిన గాజు గొట్టంలో పెంచాలి. గింజ దక్కినా అడవి గింజ వెంటనే మొలవదు, నెలల తరబడి నిద్రపోతుంది. మేము బ్లేడుతో పొట్టు తీసి, తడి కాగితం మీద పెట్టి లేపేవాళ్లం.

మూడోది అసలు తలనొప్పి. దాయాది ఆస్తిలో వాటా అడిగితే అప్పులూ వస్తాయి. మనకు కావలసిన ఒక్క జన్యువుతోపాటు కొమ్మలు వేయడం, తల చిన్నదవడం, గింజ రాలిపోవడం, నూనె తగ్గడం అన్నీ వెంటబడి వస్తాయి. అందుకే వచ్చిన సంతానాన్ని మళ్లీ మళ్లీ సాగు రకంతోనే కలుపుతాం. ప్రతిసారీ అడవి వాటా సగమవుతుంది. మొదటి సంకరంలో 50 శాతం ఉన్నది ఆరోసారి వెనక్కి కలిపేసరికి ఒక శాతంకన్నా తగ్గుతుంది. అన్నిసార్లూ కావలసిన గుణం జారిపోలేదని తెగులు అంటించి చూసుకోవాలి. ఆ జన్యువుకు ఆనుకుని ఉన్న చెడ్డ జన్యువు మాత్రం ఆరుసార్లయినా వదలకపోవచ్చు. ఇప్పుడు డీఎన్ఏ గుర్తులు చూసి మొలక దశలోనే ఏరుతున్నారు, మా రోజుల్లో కోత దాకా ఆగాల్సి వచ్చేది.

ఇంత కష్టానికి ఫలం ఉందా అంటే ఉంది. తుప్పు తెగులును తట్టుకునే తొలి జన్యువులు టెక్సాస్ అడవి పొద్దుతిరుగుడు నుంచి 1950ల్లో కెనడా వాళ్ల చేతికి వచ్చాయి. వెండి రంగు నూగుతో మెరిసే ఆర్గోఫిల్లస్ జాతి బూజు తెగులును తట్టుకునే జన్యువును ఇచ్చింది. ఇంకొకటి చెబుతాను, నాకు భలే ఇష్టమైన కథ. 1996లో అమెరికాలోని కాన్సాస్‌లో, వరసగా ఏడేళ్లు ఒకే రకం కలుపుమందు కొట్టిన సోయా చేలో అడవి పొద్దుతిరుగుడు మొక్కలు చావకుండా నిలిచాయి. సోయా రైతుకు అది తలనొప్పి. శాస్త్రవేత్తలు ఆ గింజలే తీసుకెళ్లి, ఆ మందును తట్టుకునే సాగు రకాలు చేశారు. ఎవరో కలుపు అని తిట్టుకున్న మొక్కే వేరొకరి చేలో కలుపు తీయడానికి పనికొచ్చింది. 2019లో అచ్చయిన ఒక జన్యు అధ్యయనం ప్రకారం, సాగు పొద్దుతిరుగుడు జన్యుసంపదలో దాదాపు పదో వంతు అడవి జాతుల నుంచి చేరినదే.

ఒకసారి తెచ్చిన జన్యువు శాశ్వతమూ కాదు. శిలీంధ్రం కొత్త రూపాలు ఎత్తి దాన్ని దాటిపోతుంది, మళ్లీ కొత్త జన్యువుకు వెతుకులాట. నీకు ఈ రంగంలోకి రావాలని ఉంటే పని కరువు లేదని హామీ ఇస్తాను.

*అడవి మొక్కతో కలిపారంటే ఇది జన్యుమార్పిడి పంటేనా? ఆ నూనె వాడవచ్చా?* — ఒక పాఠకుడు, భీమవరం

కాదు. ఇవన్నీ పుప్పొడితో చేసిన సంకరాలు, ఒకే ప్రజాతిలోని చుట్టాల మధ్య జరిగినవి. మన దేశంలో జన్యుమార్పిడి పొద్దుతిరుగుడు సాగులో లేదు. నిశ్చింతగా వాడండి. ఒకే నూనెలో పదేపదే బజ్జీలు వేయకండి, ఆరోగ్యానికి దెబ్బ అక్కడ.

*మొవ్వులు నల్లబడి, తలలు మెలితిరిగి ఎండిపోతున్నాయి. నెక్రోసిస్ అన్నారు. దీనికి తట్టుకునే రకం చెప్పండి.* — ఒక రైతు, కొవ్వూరు మండలం

ఈ వైరస్ తెగులు పొద్దుతిరుగుడులో 1997లో కర్ణాటకలోని బాగేపల్లి వైపు మొదట కనిపించింది. పూర్తిగా తట్టుకునే రకం ఫలానా అని చెప్పి మీచేత డబ్బు పెట్టించలేను. దీన్ని అడ్డుకోవాల్సింది గట్టు మీద. వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి ఆకులను గీరుతాయి. ఆ కలుపును పూతకు రాకముందే పీకించండి. చేను చుట్టూ మూడు నాలుగు వరసలు జొన్న ముందుగా వేయండి, విత్తనశుద్ధి చేసిన గింజే వాడండి. చేనంతా పట్టాక మందులు కొట్టి ప్రయోజనం లేదు.

*మా మేనల్లుడు హైదరాబాద్ నర్సరీ నుంచి అల్లంలాంటి దుంపలు తెచ్చి, ఇవీ పొద్దుతిరుగుడే, తినవచ్చు అంటున్నాడు. ఆటపట్టిస్తున్నాడా?* — ఒక పాఠకురాలు, అమలాపురం

లేదు, నిజమే చెప్పాడు. అది హీలియాంథస్ ట్యూబరోసస్, 102 క్రోమోజోముల జాతి. అమెరికా ఆదివాసులు తరతరాలుగా తిన్న దుంప. రష్యాలోని క్రాస్నదార్‌లో గలీనా పుస్తవోయిత్ దీన్ని సాగు పొద్దుతిరుగుడుతో కలిపి, తెగుళ్లను, వేరు మీద బతికే మల్లె కలుపును తట్టుకునే రకాలు తీసింది. ఆమె తండ్రి వసీలి పుస్తవోయిత్ పొద్దుతిరుగుడు గింజలో నూనె శాతాన్ని బాగా పెంచిన మనిషి. ఇంట్లో ఆ చర్చ తప్ప వేరే మాట ఉండేది కాదేమో.

పెరట్లో కుండీలో నాటండి, నేలలో వద్దు. మిగిలిపోయిన చిన్న ముక్క కూడా మొలుస్తుంది, తర్వాత మీ కందకూ పెండలానికీ చోటు ఉండదు. చెక్కు తీసి పులుసు పెట్టుకోవచ్చు. అందులో ఉండేది పిండిపదార్థం కాదు, ఇనులిన్. మన కడుపులో సరిగా అరగదు, పేగుల్లో పులిసి గాలి పుట్టిస్తుంది. మొదటిసారి రెండు ముక్కలకు మించి తినకండి, పెళ్లికి వెళ్లే రోజు అసలే వద్దు.